మంచు మీద మనుగడ – ఎర్నెస్ట్ షాకిల్టన్

పాఠ్యభాగ పరిచయం

మానవునికి సహజమైన ఆవాసం కాని ఖండం అంటార్కిటికా. అక్కడ ఆదివాసులు లేరు, పంట లేదు, పొయ్యిలోకి పుల్ల దొరకదు. అటువంటి చోట మనిషి బ్రతకాలంటే ఏమి కావాలో తన జీవితం ద్వారా చూపిన నావికుడు సర్ ఎర్నెస్ట్ షాకిల్టన్ (1874–1922). ఆయన స్వయంగా చేరదలచిన గమ్యాలు ఆయనకు అందలేదు. అయినా ధ్రువ యాత్రల చరిత్రలో ఆయన పేరు విజేతల పేర్లతో సమానంగా నిలిచింది. అందుకు కారణాలను తెలుసుకోవడమే ఈ పాఠం ఉద్దేశం.

పాఠం

భూగోళానికి దక్షిణపు కొసన సుమారు 1 కోటి 40 లక్షల చదరపు కిలోమీటర్ల విస్తీర్ణంలో వ్యాపించి ఉన్న ఖండం అంటార్కిటికా. దానిలో దాదాపు 98 శాతం భూమి మంచుతో కప్పబడి ఉంటుంది. ఆ మంచు సగటు మందం సుమారు రెండు కిలోమీటర్లు. 1983 జులై 21న ఆ ఖండంలోని వోస్తోక్ కేంద్రంలో నమోదైన శీతలం సున్నాకు దిగువన 89.2 డిగ్రీల సెల్సియస్. ధ్రువం వద్ద ఆరు నెలలు పగలు, ఆరు నెలలు రాత్రి. తీరప్రాంతంలోనూ శీతకాలంలో వారాల తరబడి, నెలల తరబడి సూర్యదర్శనం ఉండదు. 1820లో నావికుల కంటబడిన ఆ ఖండం మీద మనుషులు తొలిసారిగా శీతకాలం గడిపినది 1899లో మాత్రమే. అప్పుడు అక్కడ ఉన్నవారు పదిమంది. ఆ తరువాత రెండేళ్లకే ఆ మంచు సీమకు బయలుదేరిన యువకులలో షాకిల్టన్ ఒకడు.

ఎర్నెస్ట్ హెన్రీ షాకిల్టన్ 1874 ఫిబ్రవరి 15న ఐర్లండులోని కిల్‌డేర్ జిల్లా కిల్‌కే గ్రామంలో జన్మించాడు. పదిమంది సంతానంలో ఆయన రెండవవాడు. తండ్రి మొదట వ్యవసాయం చేసి, తరువాత వైద్యవిద్య అభ్యసించి వైద్యుడయ్యాడు. 1884లో కుటుంబం లండన్ నగర పరిసరాలకు తరలివచ్చింది. కుమారుడు తనవలె వైద్యుడు కావాలని తండ్రి ఆశించాడు. బాలుని మనస్సు మాత్రం సముద్రం మీద ఉన్నది. పదహారవ ఏట బడి విడిచి, తెరచాప ఓడలో పనికి కుదిరాడు. ఓడ తాళ్లు లాగుతూ, తుఫానులలో తడుస్తూ, తీరిక వేళల్లో కవిత్వం చదువుకుంటూ ఎదిగాడు. ఇరవై నాలుగేళ్లకే ఓడకు అధిపతి కాదగిన యోగ్యతాపత్రం సంపాదించాడు. ఓడలో అందరికంటె క్రింది మెట్టు నుండి పైకి వచ్చినవాడు గనుక, సామాన్య నావికుని కష్టసుఖాలు ఆయనకు పుస్తకాలలో చదివి తెలుసుకోవలసిన విషయాలు కాలేదు.

1901లో కెప్టెన్ స్కాట్ నాయకత్వాన డిస్కవరీ అనే ఓడ అంటార్కిటికాకు బయలుదేరింది. అందులో షాకిల్టన్ ఒక అధికారి. సుదీర్ఘమైన శీతకాలపు రాత్రిలో తోటివారి కాలక్షేపం కోసం ఒక పత్రికకు సంపాదకత్వం వహించాడు. 1902 డిసెంబరు చివర స్కాట్, విల్సన్, షాకిల్టన్ ముగ్గురూ 82 డిగ్రీల 17 నిమిషాల దక్షిణ అక్షాంశం వరకు వెళ్లారు. అంతకుముందు ఏ మానవుడూ అంత దక్షిణానికి పోలేదు. అయితే తిరుగు ప్రయాణంలో ముగ్గురినీ స్కర్వీ వ్యాధి పీడించింది. చిగుళ్లు వాచి, కీళ్లు నొచ్చి, రక్తం కారి మనిషిని కృంగదీసే వ్యాధి అది. తాజా ఆహారంలో లభించే సి విటమిన్ లోపించడమే దానికి మూలమని ఆనాటి శాస్త్రానికి ఇంకా తెలియదు. అందరిలో ఎక్కువగా బాధపడినవాడు షాకిల్టన్. ఆయన ఇష్టానికి విరుద్ధంగా స్కాట్ ఆయనను 1903లో స్వదేశానికి పంపివేశాడు. ఆ అవమానం ఆయన మనస్సులో ముల్లువలె మిగిలిపోయింది. అంటార్కిటికాలో మనిషి ప్రాణం ప్రతిరోజూ తినే తిండి మీద ఆధారపడి ఉంటుందన్న పాఠమూ అంత గట్టిగానే మిగిలింది.

1904లో ఎమిలీ డోర్మన్‌ను వివాహమాడిన షాకిల్టన్, 1907లో నిమ్రోద్ అనే చిన్న ఓడతో తన సొంత యాత్రకు బయలుదేరాడు. రాయిడ్స్ అగ్రం వద్ద నిర్మించిన ఒక కొయ్య ఇంటిలో పదిహేనుమంది 1908 శీతకాలం గడిపారు. ఇల్లంతా కలిపి ఒకే పెద్ద గది వంటిది. ఇద్దరిద్దరికి ఒక చిన్న అర. మధ్యలో బొగ్గు పొయ్యి. అది ఆరిపోతే అందరి ప్రాణాలకూ ముప్పే. అందుచేత రాత్రివేళ ఒక్కొక్కరు వంతులవారీగా మేల్కొని పొయ్యిని కాపాడేవారు. గిన్నెలు కడగడం, నేల ఊడ్చడం, నీటి కోసం మంచు తవ్వి తెచ్చి కరిగించడం కూడా వంతులవారీ పనులే. ఆచార్యుడైనా, వైద్యుడైనా తన వంతు తప్పించుకొనే వీలు లేదు.

చీకటి రోజులలో మనస్సు చెదరకుండా ఉండటానికి షాకిల్టన్ ఒక ముద్రణ యంత్రాన్ని కూడా వెంట తెచ్చాడు. చలికి సిరా గడ్డకట్టుకుపోతుంటే క్రింద కొవ్వొత్తి వెలిగించి కరిగించేవారు. సామాను పెట్టెల చెక్కలే అట్టలయ్యాయి. ఆ విధంగా సుమారు వంద ప్రతులు సిద్ధమైన అరోరా ఆస్ట్రాలిస్, అంటార్కిటికాలో రాసి, అచ్చువేసి, బైండు చేసిన మొట్టమొదటి గ్రంథంగా ప్రసిద్ధికెక్కింది.

శీతకాలం గడిచిన తరువాత షాకిల్టన్, ఫ్రాంక్ వైల్డ్, మార్షల్, ఆడమ్స్ దక్షిణ ధ్రువం వైపు నడిచారు. వెంట తెచ్చిన నాలుగు గుర్రాలలో మూడింటిని దారిలో చంపవలసి వచ్చింది. నాలుగవది లోతైన మంచు పగులులో పడిపోయింది. తిండి నానాటికీ తరిగిపోతున్నది. 1909 జనవరి 9న వారు 88 డిగ్రీల 23 నిమిషాల అక్షాంశం చేరారు. అక్కడినుండి ధ్రువానికి ఇక సుమారు 180 కిలోమీటర్లు మాత్రమే మిగిలింది. మరికొన్ని రోజులు నడిస్తే మానవజాతి చరిత్రలో ప్రథమస్థానం ఆయనదే. అయితే ఆ నడకకు సరిపడిన ఆహారం తిరుగు ప్రయాణానికి మిగలదు. షాకిల్టన్ లెక్క వేసుకున్నాడు, వెనుదిరిగాడు. వెనుకకు వచ్చే దారిలో అస్వస్థుడైన వైల్డ్‌కు తన వంతు బిస్కట్టును బలవంతంగా ఇచ్చాడు. ఆకలితో అలమటిస్తున్న మనిషి చేతిలోని ఒక్క బిస్కట్టు విలువ ఎంతటిదో వైల్డ్ జీవితాంతం మరువలేదు. నలుగురూ ప్రాణాలతో తిరిగివచ్చారు.

ఆ సంవత్సరమే బ్రిటిష్ ప్రభుత్వం ఆయనను సర్ బిరుదుతో సత్కరించింది. 1911 డిసెంబరు 14న నార్వే దేశీయుడు అముండ్సెన్ ధ్రువాన్ని చేరాడు. 1912 జనవరి 17న అక్కడికి చేరిన స్కాట్, నలుగురు సహచరులతో సహా తిరుగు దారిలో మరణించాడు. ఇక మిగిలినది ఖండాన్ని ఒక తీరం నుండి మరొక తీరానికి కాలినడకన దాటడమే. ఆ పనికి షాకిల్టన్ పూనుకున్నాడు.

1914 డిసెంబరు 5న దక్షిణ జార్జియా ద్వీపం నుండి ఎండ్యూరెన్స్ అనే ఓడ 28 మందితో వెడెల్ సముద్రంలోకి ప్రవేశించింది. 1915 జనవరి మూడవ వారంలో, తీరం ఇంకొక రోజు ప్రయాణం ఉన్నదనగా, తేలుమంచు ఓడను నలువైపులా బిగించివేసింది. ఓడ ఇక కదలలేదు. పథకం విఫలమైందని షాకిల్టన్‌కు అర్థమైంది. ఆయన కలవరాన్ని బయటికి కనబడనీయలేదు. ఓడను శీతకాలపు నివాసంగా మార్చాడు.

మే మొదట్లో అస్తమించిన సూర్యుడు జులై చివరి వరకు కనిపించలేదు. ఆ దీర్ఘరాత్రిలో రోజుకు ఒక రూపం ఇవ్వడమే షాకిల్టన్ చేసిన ముఖ్యమైన పని. భోజనం వేళకు జరగాలి. అందరూ కలిసి తినాలి. నావికునికి, శాస్త్రజ్ఞునికి పనిలో భేదం లేదు. నేల కడగడంలో అందరికీ వంతు ఉన్నది. వెచ్చని దుస్తులు పంచినప్పుడు మొదట సామాన్య నావికులకు, ఆ తరువాతనే అధికారులకు. సుమారు 70 కుక్కలకు మంచు మీద మంచుతోనే గూళ్లు కట్టారు. వాటిని జట్లుగా విభజించి, ఒక్కొక్క జట్టును ఒక్కొక్కరికి అప్పగించారు. మంచు మైదానం మీద బంతి ఆడారు. కుక్కల బండ్ల పందేలు నడిపారు. హస్సీ అనే వాతావరణ శాస్త్రజ్ఞుడు బాంజో వాయించేవాడు. జూన్ 22న, శీతకాలపు నడిమి రోజున, విందు చేసుకొని వేషాలు వేసుకున్నారు. ఇవన్నీ చూడటానికి వినోదాలు. నిజానికి అవి చీకటి, నిస్పృహ, పరస్పర ద్వేషం అనే మూడు శత్రువులను ఎదిరించే ఆయుధాలు.

మంచు ఒత్తిడికి ఓడ ప్రక్కలు విరిగాయి. 1915 అక్టోబరు 27న అందరూ ఓడను వదలి మంచు మీదికి దిగారు. నవంబరు 21న ఎండ్యూరెన్స్ నీట మునిగింది. ప్రతి మనిషి తన వెంట కొద్దిపాటి సామాను మాత్రమే ఉంచుకోవాలని షాకిల్టన్ ఆజ్ఞాపించి, తన బంగారు నాణాలను తానే మొదట మంచు మీద పారవేశాడు. హస్సీ బాంజోను మాత్రం వదలనీయలేదు. అది మనస్సుకు మందు అని ఆయన భావన. పడక సంచులలో కొన్ని జంతుచర్మంతో చేసిన వెచ్చనివి, మిగిలినవి ఉన్నివి. చీట్లు వేసి పంచగా వెచ్చనివి ఎక్కువగా సామాన్య నావికులకే దక్కాయి. అది చీట్ల మహిమ కాదని, నాయకుని యుక్తి అని నావికులు గ్రహించారు.

అయితే ఆ శిబిరంలో కఠినమైన నిర్ణయాలూ జరిగాయి. బండి లాగలేని కుక్కపిల్లలను, వడ్రంగి మెక్‌నిష్ ప్రాణప్రదంగా పెంచుకున్న పిల్లిని తుపాకితో కాల్చివేయమని షాకిల్టన్ ఆజ్ఞాపించాడు. కొంతకాలానికి మిగిలిన కుక్కలకూ అదే గతి పట్టింది. వాటిని బిడ్డలవలె సాకినవారే వాటి మాంసం తినవలసి వచ్చింది. డిసెంబరులో, పడవలను గడ్డల మంచు మీద లాగడం వ్యర్థమని మెక్‌నిష్ ఎదురు తిరిగాడు. ఓడ మునిగిన తరువాత ఆజ్ఞను పాటించవలసిన ఒడంబడిక కూడా లేదని వాదించాడు. షాకిల్టన్ ఆ ధిక్కారాన్ని అణచివేశాడు. కాని రెండు రోజులకే పడవలు లాగడం ఆపివేయవలసి వచ్చింది.

మంచు మీద వారి దినచర్య సీళ్లు, పెంగ్విన్ల చుట్టూ తిరిగేది. మాంసం ఆహారం, కొవ్వు ఇంధనం. నల్లని పొగతో ముఖాలు మసిబారేవి. తడిసిన బట్టలు ఆరేవి కావు. అయినా తాజా మాంసం తినడం వలన వారికి స్కర్వీ సోకలేదు. పదేళ్లనాటి పాఠాన్ని షాకిల్టన్ మరువలేదు. అసంతృప్తి కలిగించేవారని తోచిన కొందరిని ఆయన తన గుడారంలోనే ఉంచుకున్నాడు. ఎవరైనా చలికి సొమ్మసిల్లుతున్నారనిపిస్తే, అందరికీ వేడి పాలు కాచి ఇమ్మనేవాడు. ఒక్కనికే ఇస్తే వానికి చిన్నతనమవుతుందని ఆయన సంకోచం.

1916 ఏప్రిల్ 9న మంచు విడివడగా మూడు పడవలలో బయలుదేరి, ఏప్రిల్ 15న ఎలిఫెంట్ ద్వీపం చేరారు. దాదాపు 16 నెలల తరువాత వారి పాదాలకు నేల తగిలింది. కాని అది ఓడలు తిరిగే దారి కాదు. తమను వెతుక్కుంటూ ఎవరూ రారు. ఏడు మీటర్ల పొడవు కూడా లేని జేమ్స్ కెయిర్డ్ అనే పడవను ఎన్నుకున్నారు. ఎదురు తిరిగిన మెక్‌నిష్ అనే వడ్రంగే దాని అంచులు పెంచి, పైన కప్పు అమర్చి సముద్రానికి తట్టుకొనేలా చేశాడు. ఏప్రిల్ 24న షాకిల్టన్, వోర్స్లీ, క్రీన్, మెక్‌నిష్, మెకార్తీ, విన్సెంట్ ఆరుగురూ దక్షిణ జార్జియా వైపు సాగారు. దూరం సుమారు 1,300 కిలోమీటర్లు. దారి చూపేందుకు సూర్యుడు వోర్స్లీకి నాలుగుసార్లే కనిపించాడు. పడవ మీద పేరుకున్న మంచును గొడ్డలితో చెక్కుతూ, నాలుగు గంటలకొకసారి వేడి ఆహారం తీసుకుంటూ, మే 10న వారు ఒడ్డు చేరారు. అదీ జనావాసానికి అవతలి తీరం. మధ్యలో ఎవరూ దాటని పర్వతాలు. షాకిల్టన్, వోర్స్లీ, క్రీన్ జోళ్లకు పడవ మరమేకులు బిగించుకొని, ఒక్క తాడుతో, 36 గంటలు నడిచారు. ఒకచోట అలసిపోయిన ఇద్దరినీ అయిదు నిమిషాలు నిద్రపోనిచ్చి, అరగంట గడిచిందని చెప్పి లేపాడు. నిద్రలోకి జారితే అది శాశ్వత నిద్ర అవుతుందని ఆయన ఎరుగును. మే 20న వారు స్ట్రోమ్‌నెస్ తిమింగల వేట కేంద్రం చేరారు.

ఎలిఫెంట్ ద్వీపంలో మిగిలిన 22 మందికి వైల్డ్ పెద్దదిక్కయ్యాడు. రాళ్ల గోడల మీద రెండు పడవలను బోర్లించి, వాటి క్రింద కాపురమున్నారు. నిలువుగా నిలబడే ఎత్తు లేదు. కొవ్వు దీపాల పొగ. బ్లాక్‌బరో అనే యువకునికి మంచు కాటుకు కాలి వేళ్లు కుళ్లిపోగా, ఆ చీకటి గూటిలోనే వైద్యులు శస్త్రచికిత్స చేశారు. రాత్రి వేళ ఒకరి వద్ద ఉన్న వంటల పుస్తకం చదివించుకొని, లేని భోజనాన్ని ఊహించుకునేవారు. శనివారం రాత్రి బాంజో పాట ఉండేది. ప్రతి ఉదయం వైల్డ్ అందరినీ లేపి, నాయకుడు ఈరోజే రావచ్చునని చెప్పి సామాను సర్దించేవాడు. నాలుగు నెలలు ఆ మాట తప్పలేదు. ఆ ఓడా రాలేదు. సామాను సర్దుకొనే ఆ చిన్న పనే వారిని నిలబెట్టింది.

షాకిల్టన్ మూడుసార్లు మూడు ఓడలతో ప్రయత్నించి, మంచు అడ్డగించగా వెనుదిరిగాడు. నాలుగవసారి చిలీ దేశపు యెల్కో అనే చిన్న ఓడ, లూయిస్ పార్దో అనే అధికారి సారథ్యంలో దారి చేసుకొన్నది. 1916 ఆగస్టు 30న మధ్యాహ్న భోజన వేళ ద్వీపవాసులకు ఓడ కనిపించింది. పడవలో ఒడ్డును సమీపిస్తూ షాకిల్టన్ మనుషులను లెక్కపెట్టుకున్నాడు. ఇరవై ఇద్దరూ ఉన్నారు.

ఈ కథను ఇక్కడితో ముగిస్తే అది సంపూర్ణ విజయగాథ అవుతుంది. సత్యం కొంత భిన్నమైనది. ఖండానికి ఆవలి తీరమైన రాస్ సముద్రం వైపు మరొక దళాన్ని షాకిల్టన్ పంపాడు. ఖండాన్ని దాటి వచ్చే తనకోసం దారి పొడవునా ఆహారం దాచిపెట్టడం వారి బాధ్యత. వారి ఓడ తుఫానుకు కొట్టుకుపోయింది. ఒడ్డున చిక్కుకున్న పదిమంది చాలని సామగ్రితోనే ఆ బాధ్యతను నెరవేర్చారు. ఎన్నటికీ రాని యాత్రికుల కోసం ఆహారం దాచారు. ఆ సుదీర్ఘ ప్రయాణంలో తాజా మాంసం లేక స్కర్వీ సోకి స్పెన్సర్-స్మిత్ మరణించాడు. మాకింటాష్, హేవార్డ్ పలుచని సముద్రపు మంచు మీద నడుస్తూ అదృశ్యమయ్యారు. 1917 జనవరిలో ఓడతో వచ్చిన షాకిల్టన్‌కు ఏడుగురే కనిపించారు. తన కళ్లముందు ఉన్నవారిని కాపాడినవాడు, దూరాన ఉన్నవారికి తగిన ఏర్పాట్లు చేయలేకపోయాడు.

మెక్‌నిష్ విషయంలోనూ ఆయన ఔదార్యం చూపలేదు. ఎవరి పనితనం వలన పడవ సముద్రం దాటిందో, ఆ వడ్రంగికి ధ్రువ పతకం రాకుండా చేశాడు. మెక్‌నిష్ 1930లో న్యూజిలాండులో పేదరికంలో మరణించాడు. 2004లో అతని సమాధి మీద అతని పిల్లి కంచు ప్రతిమను ప్రతిష్ఠించారు. ఆలస్యమైనా అది ఒక చిన్న పరిహారం.

అప్పులు, అనారోగ్యం షాకిల్టన్‌ను వదలలేదు. 1921లో క్వెస్ట్ అనే ఓడతో మరల దక్షిణానికి బయలుదేరాడు. పాత సహచరులు అనేకులు పిలిచిన వెంటనే వచ్చి చేరారు. 1922 జనవరి 5న దక్షిణ జార్జియా రేవులో, ఓడలోనే, గుండెపోటుతో కన్నుమూశాడు. అప్పటికి ఆయన వయస్సు 47. భార్య కోరిక మేరకు మార్చి 5న అక్కడే సమాధి చేశారు. సరిగ్గా వందేళ్లకు, 2022 మార్చి 5న, వెడెల్ సముద్రంలో 3,008 మీటర్ల లోతున ఎండ్యూరెన్స్ ఓడ చెక్కుచెదరని పేరుతో పరిశోధకుల కంటబడింది. 2011లో ఆయన సమాధి ప్రక్కనే వైల్డ్ చితాభస్మాన్ని ఉంచారు.

ఈనాడు అంటార్కిటికాలో వేసవిలో వేలాదిమంది, శీతకాలంలో వందలాదిమంది ఉంటున్నారు. 1959లో కుదిరిన అంటార్కిటికా ఒప్పందం ఆ ఖండాన్ని శాంతికి, విజ్ఞానానికి అంకితం చేసింది. భారతదేశం 1983లో ఆ ఒప్పందంలో చేరింది. 1989లో మైత్రి, 2012లో భారతి కేంద్రాలను నెలకొల్పింది. మైత్రి వాసులు ప్రియదర్శిని సరస్సు నీటిని వాడుకుంటారు. సీలును, పెంగ్విన్‌ను చంపి తినే అవసరం ఎవరికీ లేదు. అది నిషిద్ధం కూడా. కుక్కలను 1994 నాటికి ఆ ఖండం నుండి పూర్తిగా తరలించారు. వెచ్చని గదులు, విద్యుద్దీపాలు, ఇంటివారితో మాటలాడే సాధనాలు వచ్చాయి. అయినా శీతకాలపు చీకటి అదే; కొద్దిమంది మధ్య నెలల తరబడి గడపవలసిన జీవితమూ అదే. అందుచేతనే నేటికీ అక్కడి కేంద్రాలన్నీ జూన్ నడిమి రోజును పండుగగా జరుపుకొని, ఒకరికొకరు శుభాకాంక్షలు పంపుకుంటాయి.

ధ్రువం చేరినవారు అక్కడ జెండా నాటి తిరిగివచ్చారు. షాకిల్టన్ నాటినది జెండా కాదు. వేళకు భోజనం, వంతు ప్రకారం పని, న్యాయమైన పంపకం, సాయంకాలం ఒక పాట – ఈ నాలుగింటితో మనిషి మంచు మీద కూడా మనిషిగా ఉండగలడని ఆయన నిరూపించాడు. ఆ నాలుగూ ఎక్కడ లోపించాయో అక్కడ ప్రాణాలు పోయాయని కూడా ఆయన జీవితమే చెబుతున్నది. గమ్యానికి చేరువలో నిలిచి, తోటివారి ప్రాణాల కోసం వెనుదిరగడానికి కావలసిన ధైర్యం, ముందుకు నడవడానికి కావలసిన ధైర్యానికి ఏమాత్రం తీసిపోదు.

ప్రశ్నలు

అ. ఈ క్రింది ప్రశ్నలకు ఇరవై పంక్తులలో సమాధానాలు రాయండి.
1. ఎండ్యూరెన్స్ ఓడ మంచులో చిక్కుకున్న తరువాత షాకిల్టన్ తన సహచరుల దినచర్యను ఏ విధంగా తీర్చిదిద్దాడు?
2. షాకిల్టన్ నాయకత్వంలోని గుణాలను, లోపాలను పాఠం ఆధారంగా వివరించండి.

ఆ. ఈ క్రింది ప్రశ్నలకు అయిదు పంక్తులలో సమాధానాలు రాయండి.
1. 1909లో షాకిల్టన్ ధ్రువానికి చేరువలో ఎందుకు వెనుదిరిగాడు?
2. ఎలిఫెంట్ ద్వీపంలో మిగిలినవారు నాలుగు నెలలు ఎలా గడిపారు?
3. మెక్‌నిష్ చేసిన మేలు ఏమిటి? అతనికి జరిగిన అన్యాయం ఏమిటి?
4. ఆనాటి అంటార్కిటికా జీవితానికి, ఈనాటి జీవితానికి గల తేడాలను తెలపండి.